సముద్రములు దాటిన గీత

నెల్లూరుసీమలో, పెన్నానది సముద్రమున గలియు చోటికి చేరువగా, విడవలూరను గ్రామము కలదు. ఊరిచుట్టును వరిచేలు, తూర్పునకు పోను పోను రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు, ఇసుకదిబ్బలు, వాని కావల సముద్రము. ఆ ప్రాంతపు రామతీర్థమున ఒడ్డుననున్న ఇసుకపై నిలిచి చూచువారికి నీరు తప్ప మఱేమియు గానరాదు. ఈ నీటికి ఆవలిగట్టున నేమున్నదని పిల్లలు అడుగుట కలదు. బర్మా యని యొకరు, సింగపూరని యొకరు చెప్పి పెద్దలు తమ పనిలో బడుదురు.

భూపటమును ముందు పెట్టుకొని, వ్రేలితో ఆ దారి వెంబడియే ఇంకను ఈశాన్యముగా పోవు బాలుడు జపాను దేశమును జేరును. జపానును గడచి, పసిఫిక్ మహాసముద్రమునంతయు దాటినచో, కెనడా దేశపు పడమటి తీరమున వానలకును చలిగాలులకును నెలవైన దీవుల గుంపొకటి తగులును. దాని పేరు హైడా గ్వాయి. విడవలూరునకును ఆ దీవులకును ఏమి సంబంధమని తోచవచ్చును. బొమ్మలు గీయు పనివాని చేతి గీత యొకటి ఈ మూడు తీరములను కలిపినది. ఆ గీత ఎట్లు సముద్రములు దాటెనో, పరదేశపు రూపములో జొరబడియు ఎట్లు తన తనమును నిలుపుకొనెనో తెలిసికొనదగినది.

నెల్లూరునకు దక్షిణముగా, స్వర్ణముఖీ నది యొడ్డున శ్రీకాళహస్తి యున్నది. వాయులింగ క్షేత్రమని ఆ యూరు ప్రసిద్ధము. నూలుగుడ్డపై కలముతో పురాణకథలను చిత్రించుట అచ్చటి పనివారికి తరతరముల వృత్తి. లోకమున దానికి కలంకారీ యని పేరు. కలము, కారి యనునవి పారసీకపు మాటలు. పనివారు మాత్రము దానిని "వ్రాతపని" యనియే పిలుతురు. మచిలీపట్టణము చెంతనున్న పెడనలో చెక్క అచ్చులతో గుడ్డపై బొమ్మలు అద్దుదురు. అది అద్దకపు పని. శ్రీకాళహస్తిలో అచ్చునకు చోటులేదు. బొమ్మ బొమ్మయు, తీగ తీగయు చేతితోనే వ్రాయవలయును.

వారి కలమును చూచిన, ఇంత పనికి ఇదియా సాధనమని ఆశ్చర్యము కలుగును. వెదురుపుల్లను మొన దేలునట్లు చెక్కి, మొనకు కొంచెము పైగా ఉన్ని చుట్టి, దారముతో బిగింతురు. ఆ ఉన్ని రంగునీటిని పీల్చి యుంచుకొనును. వ్రేళ్లతో మెల్లగా నొక్కినపుడు రంగు మొనకు దిగివచ్చును. ఎక్కువ నొక్కిన గీత లావగును, తక్కువ నొక్కిన సన్నమగును. పనివాని నేర్పంతయు ఆ నొక్కుటలోనే యున్నది.

గుడ్డను సిద్ధము చేయుట వేఱొక శాస్త్రము. ముడినూలు గుడ్డను చక్కగా ఉదికి, కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి, పిండి, ఎండబెట్టుదురు. పాలలోని కొవ్వు గుడ్డపోగులను పట్టియుండుటచే వ్రాసిన గీత ప్రక్కలకు ప్రాకదు. నలుపు చేయు విధము మఱియు వింత. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి, కుండలో దినముల తరబడి పులియబెట్టుదురు. ఆ ద్రవమును కసిమి యందురు. కలము నుండి దిగునపుడు అది లేతరంగు నీరే. కరక్కాయ పట్టిన గుడ్డపై బడినంతనే, వ్రాయువాడు చూచుచుండగనే, ఆ గీత నల్లబడును. ఒకసారి నల్లబడిన గీతను చెరుపుట యెవ్వరి తరమును కాదు. చింతపుల్లల బొగ్గుతో ముందుగా గుర్తులు పెట్టుకొన్నను, కసిమి పట్టిన చేయి తడబడినచో ఆ తప్పు గుడ్డ యున్నంతకాలము ఉండును.

ఎఱుపునకు పటిక ఆధారము. ఎచ్చట ఎఱుపు కావలయునో అచ్చట పటికనీటితో వ్రాసి, పిమ్మట గుడ్డనంతయు ఎఱ్ఱని వేళ్ల కషాయములో కాచుదురు. పటిక సోకిన చోటులలో మాత్రమే రంగు నిలుచును. తక్కిన చోటులలోనిది ఉదుకులో పోవును. పూర్వము ఈ యెఱుపునకు చిరివేరు ముఖ్యము. అది సముద్రపుగాలి తగులు ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క. మంజిష్ఠ దానికి తోడు. నీలమునకు నీలిమందు, పసుపునకు కరక్కాయ పూవు. ప్రతి రంగు వెంటను గుడ్డను పారునీటిలో ఉదుకుట, ఇసుకపై ఆరవేయుట, మరల పాలలో ముంచుట. ఇట్లు ఇరువదికి తక్కువగాని అంచెలు గడచిన గాని ఒక తెర పూర్తికాదు.

ఇంక ఆ తెరలపై కథను కూర్చు తీరు చూడుడు. గుడ్డ నడుమ పెద్ద బొమ్మ యొకటి యుండును: రామాయణమైనచో పట్టాభిషేకము. దానిచుట్టును వరుసలు వరుసలుగా అరలు. ఒక్కొక్క అరలో కథలోని ఒక్కొక్క ఘట్టము. అరకు అంచున సన్నని పట్టీలో, ఆ ఘట్టమేదియో తెలుగు అక్షరములతో వ్రాసియుందురు. ఒకే రాముడు ఒక అరలో విల్లు విఱుచును, మఱియొక అరలో నారచీర కట్టును, వేఱొక అరలో లేడివెంట పరుగిడును. ఏ అరలోనైనను నీలపు మేనినిబట్టి రాముని పోల్చుకొనవచ్చును. స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎఱుపు. అక్షరము వచ్చినవాడు చదువుకొనును, రానివాడు బొమ్మ చూచి తెలిసికొనును. బొమ్మయు మాటయు కలిసి, అర వెంట అరగా కథ నడచుట ఇందలి పద్ధతి. నేటి పిల్లలు చేతబట్టుకొను బొమ్మలకథల పుస్తకమునకును దీనికిని పద్ధతిలో భేదము లేదు. ఒకటి కాగితము, ఒకటి గుడ్డ, అంతియే. లండను నగరమందలి విక్టోరియా-ఆల్బర్టు ప్రదర్శనశాలలో 19వ శతాబ్దపు శ్రీకాళహస్తి తెరలు నేటికిని భద్రముగా నున్నవి.

తూర్పుతీరపు చిత్రవస్త్రములు దేవాలయములకే పరిమితమై యుండలేదు. డచ్చి వర్తకులు 1605లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. కొలది యేండ్లకే పులికాటున స్థిరపడి కోట కట్టిరి. వారికి కావలసినవి తూర్పుదీవుల మిరియాలు, లవంగములు, జాజికాయలు. ఆ దీవులవారు వెండికంటె ఈ తీరపు రంగుగుడ్డలనే ఇష్టపడుచుండిరి. కావున ఓడలు ముందిచ్చట గుడ్డలు నింపుకొని, పిమ్మట సుగంధద్రవ్యముల దీవులకు సాగెడివి. వానిలో కొన్ని మఱియు ముందునకు సాగి జపాను చేరెడివి.

ఆ కాలమున జపాను ప్రభువులు పరదేశీయులను తమ నేలపై అడుగిడనీయకుండిరి. 1641 మొదలు రెండువందల యేండ్లకు పైగా, ఐరోపావారిలో డచ్చివారికి మాత్రమే, అదియును నాగసాకి రేవులోని దేజిమా యను చిన్న దీవిలో మాత్రమే, వ్యాపారము చేసికొన సెలవుండెను. ఆ యిరుకుదారి గుండ మన తీరపు గుడ్డలు జపానులో ప్రవేశించెను. జపానువారు వానిని "సరస" యనిరి. నిండు వస్త్రములుగా కట్టుకొనుటకు అవి వారికి మిక్కిలి వెలగలవి. అందుచే చిన్న చిన్న తునుకలుగా కత్తిరించి, తేనీటి వేడుకలో వాడు పాత్రలకు సంచులు కుట్టించుకొనిరి, చుట్టుగుడ్డలు చేసికొనిరి. జపాను తేనీటి వేడుకలో ప్రతి వస్తువును చేత నెత్తి, త్రిప్పి, తీరిగ్గా చూచుట మర్యాద. అట్టి చూపులకు మన పనివాని గీత వస్తువయ్యెను. హికోనె యను సంస్థానపు ప్రభువులు సేకరించిన ఇట్టి తునుకలు నాలుగువందలకు పైగా నేడు టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో నున్నవి. వానిని వ్రాసిన పనివారి పేర్లు ఏ తునుకపైనను లేవు.

జపాను పనివారు చూచుటతో తృప్తిపడలేదు. తామును సరస చేయబూనిరి. మన కరక్కాయ, పటికల రహస్యము చేతికి చిక్కకపోగా, తమకు అలవాటైన కత్తిరింపు కాగితములను గుడ్డపై పెట్టి రంగులద్దిరి. 1778లో సరస నమూనాలతో ఒక పుస్తకమే అచ్చయ్యెను. అట్లు పుట్టినది అచ్చముగా కోరమాండల్ గుడ్డయు కాదు, పాత జపాను గుడ్డయు కాదు. దానికి జపాను సరస యని వేఱు పేరు వచ్చినది. ఇచ్చట తెలుగు పనివాడును మారకపోలేదు. గోలకొండ కొలువునకు పారసీకపు పూలతీగలు వ్రాసెను. ఐరోపావారు పంపిన నమూనాలు చూచి వారి యిండ్ల పడకలకు తెరలు వ్రాసెను. ఆ గుడ్డల పోటీకి ఓర్వలేక ఇంగ్లండువారు 1721లో వానిని ధరించుటనే చట్టముచే నిషేధించిరి. కొనువాడు మారినప్పుడెల్ల పూవు మారెను. కసిమి గీత మాత్రము మారలేదు.

కాని వెలుపలికి పోయిన గుడ్డలో నష్టమొకటి కలిగెను. కథ పోయి పూవు మిగిలెను. కొనువారికి రాముడెవరో తెలియదు కదా! కథ నిలిచినది శ్రీకాళహస్తి వంటి గుడుల నీడలోనే. 19వ శతాబ్దపు చివర ఆ నీడయు పలుచబడెను. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు మంజిష్ఠ యెఱుపును రసాయనశాలలో చేయగలిగిరి. యంత్రపు గుడ్డలు సంతలన్నిటిలో చవుకగా దొరకెను. ఇరువదవ శతాబ్దపు నడుమకు వ్రాతపని తెలిసిన ఇండ్లు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలెను. అప్పుడు హస్తకళల పునరుద్ధరణకు పూనుకొన్న కమలాదేవీ ఛటోపాధ్యాయ ప్రోత్సాహముచే 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము ఏర్పడెను. పాత పనివాడైన జొన్నలగడ్డ లక్ష్మయ్య అచ్చట గురువయ్యెను. తండ్రివద్ద పని నేర్చిన ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ పురస్కారము లభించెను.

ఇంక జపానును దాటి ఆవలి తీరమునకు పోవలయును. అచ్చటివారు పడిన కష్టము ఇంతకంటె ఘోరమైనది.

హైడా గ్వాయి యనగా "ప్రజల దీవులు" అని యర్థము. నూటయేబదికి మించిన దీవులవి. ఆకాశమునంటు సెడారు వృక్షముల యడవులు, సముద్రమున తిమింగిలములు, ఏటేట నదులకెక్కు సామను చేపలు. హైడా ప్రజలు ఒక్క చెట్టును తొలిచి, పదులకొలది మనుష్యులు కూర్చుండదగిన నావలు చేసెడివారు. వారిలో కాకి వంశమువారని, గ్రద్ద వంశమువారని రెండు తెగలు. ఇంటిముందు నిలిపిన నిలువెత్తు కంబములపై తమ వంశపు గుర్తులను, కథలను చెక్కించెడివారు. వారికి లిపి లేదు, కంబమే గ్రంథము.

ఆ చెక్కడములోను, చిత్రములలోను ఒక లక్షణము స్పష్టముగా గానవచ్చును. నల్లని లావుగీత యొకటి బొమ్మనంతను తెగకుండ చుట్టివచ్చును. మలుపువద్ద ఉబ్బును, కలియుచోట సన్నగిలును, మరల ఉబ్బును. కన్ను, ముక్కు, రెక్క, తోక యన్నియు ఆ గీత మలుపులలో నుండియే పుట్టును. కన్ను గుండ్రముగా గాక, మూలలు నునుపు చేసిన కోడిగ్రుడ్డువలె నుండును. ఖాళీచోటు కూడ ఒక ఆకారమై, కాకి ముక్కులో మనుష్యుని ముఖమొకటి తొంగిచూచును. ఇది నేర్చుటకు పిల్లలు ఏండ్లతరబడి పెద్దల చెంత కూర్చుండెడివారు.

1862లో విక్టోరియా పట్టణమునుండి మశూచి ఆ తీరమంతట ప్రాకెను. ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. వేలకొలదిగా నుండిన హైడాలు ఇరువదవ శతాబ్దారంభమునకు సుమారు 600 మంది మిగిలిరి. చాలదన్నట్లు, కంబములు నిలుపునపుడు బంధువులకు విందులిచ్చి కానుకలు పంచు వారి పండుగను కెనడా ప్రభుత్వము 1885 మొదలు 1951 వఱకు నిషేధించెను. పిల్లలను ఇండ్లకు దూరముగా బడులలో నుంచి, తల్లిభాష మాట్లాడినచో శిక్షించిరి. కంబములు కొన్ని నఱకబడెను, కొన్ని పరదేశపు ప్రదర్శనశాలలకు చేరెను.

గీత యెట్లు బ్రదికెను? కొంత అమ్మకమువలన! ఆ దీవులలో నల్లని మెత్తని పలకరాయి దొరకును. హైడా శిల్పులు దానితో బొమ్మలు చెక్కి ఓడవాండ్రకు అమ్మిరి. టోపీలు పెట్టుకొన్న ఆ ఓడవాండ్రనే రాతిలో చెక్కి, వారికే అమ్మిరి. వెండినాణెములను సాగగొట్టి కంకణములు చేసి, వానిపై కాకిని, గ్రద్దను చెక్కిరి. సంతసరకని వానిని కొందఱు చులకన చేయుదురు. నిషేధపు కాలమున ఆ చిన్న సరకులోనే పెద్దల పాఠము దాగియుండెనని వారు మఱతురు. చార్లెస్ ఎడెన్‌షా (1839–1920) యను మహాశిల్పి అట్టి కాలమున పనిచేసినవాడే. 1969లో రాబర్టు డేవిడ్‌సన్ అను యువశిల్పి ఓల్డ్ మాసెట్ గ్రామమున కొత్త కంబమును చెక్కి నిలిపెను. సుమారు నూఱేండ్లలో ఆ యూర నిలిచిన తొలి కంబమది.

ఆ ఎడెన్‌షా వంశమునకు చెందిన మైకేల్ నికోల్ యాగులానాస్ 1954లో జన్మించెను. ఆయన చాలకాలము తన ప్రజల పరిపాలనా వ్యవహారములలోను, అడవులను కాపాడు ఉద్యమములలోను పనిచేసెను. హైడాలకు అది పోరాటకాలము. 1985లో లయెల్ దీవిలో చెట్లు నఱకు కంపెనీల దారికి అడ్డముగా వృద్ధులతో సహా కూర్చుండి, 72 మంది చెఱపట్టబడిరి. 1993 నాటికి ఆ దక్షిణపు దీవులను హైడాలును కెనడా ప్రభుత్వమును కలిసి కాపాడుటకు ఒప్పందము కుదిరెను. యాగులానాస్ అంతకుముందే చమురు ఓడల రాకను ఎదిరించుచు వ్యంగ్యచిత్రములు గీచియుండెను. 1990లలో చీనా కుంచెపనిని ఒక గురువువద్ద నేర్చి, పిమ్మట చిత్రకళయే ప్రధానవృత్తిగా గైకొనెను. గైకొని, తన పెద్దల కథలను జపానువారి మాంగా రూపములో చెప్పుటకు సాహసించెను.

మాంగా యనగా జపాను బొమ్మలకథ. హొకుసాయ్ అను చిత్రకారుడు 1814 మొదలు "మాంగా" యను పేరుతో బొమ్మల సంపుటములు వెలువరించెను. నేటి మాంగా రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట పెంపొందినది. ఒసాము తెజుకా యను ప్రసిద్ధ చిత్రకారుడు 1972 మొదలు 1983 వఱకు మన బుద్ధుని చరిత్రనే మాంగాగా వ్రాసెను. విడవలూరు పిల్లలు టెలివిజనులో తెలుగు మాటలాడగా చూచి నవ్వు డోరేమాన్, షించాన్ మొదట మాంగా పుటలలో పుట్టినవారే.

అమెరికాఖండమున బొమ్మలకథలకు కొఱత లేదు. మఱి జపాను దాక పోనేల? అమెరికా బొమ్మలకథ తమ నేలను ఆక్రమించిన వారిదని, మాంగా అట్టిది కాదని యాగులానాస్ తలంపు. దానికి తోడు పాత జ్ఞాపకమొకటి కలదు. పూర్వము సీలు వేటనావలలో కూలికి పోయిన హైడాలు జపాను రేవులను చూచిరనియు, తమ సొంతగడ్డపై దొరకని మర్యాద అచ్చట పొందిరనియు ఆయన చెప్పుచుండును. ఎచ్చట తన తాతను మనుష్యుడుగా చూచిరో, అచ్చటినుండి మనుమడు రూపము తెచ్చుకొనెను.

2009లో వెలువడిన "రెడ్" ఆయన ప్రసిద్ధ గ్రంథము. రెడ్ అను అనాథబాలుని అక్కను శత్రువులు ఎత్తుకొనిపోవుదురు. బాలుడు పెరిగి నాయకుడగును. పగయు వానితో పెరుగును. ఆ పగచే కన్ను గానక, తన వారినే యుద్ధపుటంచునకు ఈడ్చును. కథ పాతది, చెప్పిన తీరు కొత్తది. సామాన్యముగా బొమ్మలకథలో పుటను చతురస్రపు గళ్లుగా చేసి, గడికిని గడికిని నడుమ తెల్లని సందు విడుతురు. యాగులానాస్ ఆ గళ్లను త్రోసివైచెను. సందునకు బదులుగా హైడా నల్లగీతను ప్రవహింపజేసెను. ఉబ్బుచు, సన్నగిలుచు, వంపులు తిరుగుచు పోవు ఆ గీతయే ఒక ఘట్టమునుండి వేఱొక ఘట్టమును విడదీయును. పాత్రలు దానిని చేతబట్టి ప్రాకును, దానిపై కాలూనును.

ఇందులో ఇంకొక చమత్కారము. పుస్తకములో 108 పుటలు. అవన్నియు విడివిడి బొమ్మలు కావు. ఒకే మహాచిత్రపు తునుకలు. ఈ పుస్తకమును చించి, పుటలను ప్రక్కప్రక్కన పేర్చి చూడుడని ఆయన పాఠకులనే ఆహ్వానించెను. కాగితమునకు రెండువైపుల అచ్చుండుటచే అందుకు రెండు ప్రతులు కావలయును! పేర్చి దూరముగా నిలిచినచో, చదువునపుడు గళ్ల అంచులుగా తోచిన నల్లగీతలన్నియు ఒకదానితో నొకటి కలిసి, హైడా పద్ధతిలో ఒక పెద్ద ఆకారమగును. కథను చదువుచున్నంతసేపు పాఠకుడు ఆ ఆకారము లోపలనే తిరుగుచుండెనన్నమాట. కంబమును దూరమునుండి చూచిన కాకి, దగ్గఱకు పోయిన కాకి ముక్కులో ముఖము. పాత కంబపు నేర్పే కాగితముపైకి వచ్చినది.

2018లో సియాటిల్ చిత్రశాలకై ఆయన "కార్పె ఫిన్" అను చిత్రమును చేసెను. ఆఱడుగుల యెత్తు, పందొమ్మిదడుగుల పొడవుగల ఆ చిత్రమును జపాను చేతికాగితముపై వ్రాసెను. మరుసటి యేడు అదియు పుస్తకమయ్యెను. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు హైడా మాంగా. కంబముల పవిత్రగీతను బజారు పుస్తకమునకు దింపుట తగునా యను శంక ఎవరికైనను కలుగవచ్చును. వెండికంకణమును, నల్లరాతి ఓడవానిని తలచుకొన్నవారికి ఆ శంక అంతగా నిలువదు. పైగా, ఇచ్చట కథ జారిపోలేదు. సరస గుడ్డలో పూవు మాత్రము దాటెను. హైడా మాంగాలో కథయు గీతయు కలిసి దాటెను.

మన దేశములోను ఇట్టి యత్నము జరిగినది. ఆదిలాబాదు అడవులలోని గోండులకు జ్ఞాతులనదగిన మధ్యప్రదేశపు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ దంపతులు 2011లో "భీమాయన" అను బొమ్మల పుస్తకమును వ్రాసిరి. అది అంబేద్కరు జీవితము. బడిలో దాహమై నీరడిగిన బాలునికి కులము పేర నీరీయని ఘట్టముతో మొదలగును. వారును గళ్లను అంగీకరింపలేదు. తమ ఇండ్ల గోడలపై వేయు ముగ్గుతీగలనే అంచులు చేసిరి. మెత్తని మాట పలుకువారి పలుకులను పక్షి ఆకారములో వ్రాసిరి. గుచ్చు మాట పలుకువారి పలుకులకు తేలుకొండి తగిలించిరి. ఆ కొండిని చూచిన బాలునికి తాత్పర్యము వేఱుగా చెప్పనక్కఱలేదు.

శ్రీకాళహస్తిలో నేడు కలము పట్టువారు వందలకొలది యున్నారు. పనికి కఱవులేదు; కాని అడుగునది చాలవఱకు చీరయంచులు, దుపట్టాలు. నెలల తరబడి వ్రాయవలసిన కథాతెరను అడుగువారు కొలదిమంది. యంత్రముపై అచ్చొత్తిన గుడ్డను కలంకారీ యని అమ్ము అంగళ్లు ప్రతి పట్టణమునను గలవు. దానిని గుర్తించుట కష్టము కాదు. యంత్రపు గుడ్డలో ఒక నెమలివలెనే వేయి నెమళ్లుండును. చేతిపనిలో ఏ రెండు నెమళ్లును ఒక్క తీరున మెడ త్రిప్పవు.

వేఱొక కష్టము నీటిది. రంగు నిగ్గుతేలుటకు పారునీరు కావలయును. స్వర్ణముఖి సంవత్సరములో పెక్కునెలలు ఇసుకయే. నీరు కరవైనపుడు పనివారు గుడ్డల మూటలతో పారునీరున్న చోటు వెదకుకొనుచు పోవుదురు. వానలు పడి నది పాఱినపుడు మాత్రము, ప్రొద్దుటనే మోకాలిలోతు నీటిలో దిగి, తెరను వెడల్పుగా పఱచి, రెండు కొసలు పట్టి ఆడింతురు. పటిక సోకని చోట నంటిన ఎఱుపంతయు పొగవలె విడివడి, ప్రవాహము వెంట సముద్రమువైపునకు పోవును. గుడ్డపై కసిమి గీత తేటపడును.